ప్రశ్న ముందు, నెత్తురు తరువాత

వెలిగొండల పాదమున ఒదిగిన ఉదయగిరి నుండి నెల్లూరికి బయలుదేరిన బస్సు, మెట్టపొలాలను, ఎండిన వాగులను దాటి, ఆత్మకూరులో కొంతసేపు ఆగి, సంగము వద్ద పెన్నను పలుకరించి, సుమారు నూరు కిలోమీటర్ల ప్రయాణానంతరము గాని పట్టణమును చేరదు. నడవవలసిన యీడు దాటినను నడవని బిడ్డను ఒడిలో పెట్టుకొని, నాలుగూళ్ల వైద్యుల చీటీలను ఎక్స్‌రే కవరులో భద్రపరచుకొని కూర్చున్న తల్లిని ఈ దారిన తిరుగువారెవరైనను చూచియే యుందురు. ఆ చీటీలలో ఇటీవల ఒక కొత్తమాట చేరుచున్నది: "జీన్ టెస్టు చేయించండి." అది ఏమో ఆమెకు తెలియదు, వ్రాసియిచ్చిన వైద్యునికి తెలిసినను విడమరచి చెప్పుటకు తీరిక చిక్కదు, నెత్తురు తీసి పంపు ల్యాబువానికి ట్యూబు మూత రంగు తెలియును గాని, ఆ ట్యూబు వెంట ఏ ప్రశ్న పోవుచున్నదో తెలియదు. ఆమె మాత్రము అడిగిన వారికెల్ల ఒక్కటే చెప్పును: "మా వంశంలో ఎవరికీ లేదండీ." ఆ మాట నిజము. జన్యుశాస్త్రమును ఎరిగిన వైద్యునికి ఆ నిజమే మొదటి ఆధారము కావలసియుండగా, పెక్కు తావులలో అది విచారణను ముగించు మాటగా పరిణమించుచున్నది.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటి. జన్యుపరీక్షలో యంత్రముది సగము పాలు; తక్కిన సగము, నెత్తురు తీయక పూర్వము మనము సిద్ధపరచు ప్రశ్నది. యంత్రములు బెంగుళూరున, హైదరాబాదున, మద్రాసున ఉండవచ్చును. ప్రశ్న మాత్రము ఉదయగిరిలోను, ఆత్మకూరులోను పుట్టవలెను. ఏలయనగా దానికి కావలసిన సామగ్రియంతయు ఆ యిండ్ల అరుగులమీదనే యున్నది.

ఈ శాస్త్రమున ఒక ముఖ్యఘట్టము ఒక తల్లి ప్రశ్నతోనే మొదలైనది. నార్వే దేశమున 1934లో బోర్గ్‌నీ ఎగెలాండ్ అను తల్లి, బుద్ధి వికసింపని తన యిద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని, వారి మూత్రమునకు ఈ విచిత్రమైన వాసన యేలయని వైద్యులను విడువక అడుగుచు, తుదకు ఆస్బ్యోర్న్ ఫోలింగ్ అను వైద్యుని వద్దకు చేరెను. ఆయన ఆ మూత్రములో ఫెరిక్ క్లోరైడు కలిపి చూడగా అది ఆకుపచ్చగా మారినది. ఆ పచ్చదనము నుండియే ఫినైల్‌కీటోన్యూరియా అను జన్యువ్యాధి లోకమునకు తెలిసినది. తరువాత 1960లలో అమెరికా దేశస్థుడైన రాబర్ట్ గత్రీ, తన యింట కూడ బుద్ధి వికసింపని కుమారుడు జన్మించి యుండుటచే ఈ దారి పట్టి, పుట్టిన బిడ్డ మడమనుండి తీసిన నాలుగు చుక్కల నెత్తురును అద్దుడు కాగితముపై ఆరబెట్టి తపాలాలో పంపి పరీక్షింపవచ్చునని నిరూపించెను. ఆసుపత్రికి నూరు కిలోమీటర్ల దూరముననున్న పల్లెకు ఆ ఆరిన కాగితము ఎంతటి ఉపకారమో ఆలోచింపుడు. హైదరాబాదులో రాధారమాదేవి ప్రభృతులు ఆ పద్ధతిననే పద్దెనిమిది వేలకు పైగా శిశువులను పరీక్షించి, 2004లో ప్రకటించిన ఫలితములలో, పుట్టుకతోడి థైరాయిడు లోపము సుమారు 1700 మందిలో ఒకరికి కనబడుచున్నదని తేల్చిరి. ఆ లోపమును మొదటి వారములలో కనిపెట్టినచో రోజుకొక చిన్న మాత్రతో బిడ్డ బుద్ధిమంతుడగును. కనిపెట్టకున్న జీవితాంతము మందబుద్ధియే.

ఇక మన సంగతి. ఆంధ్రదేశమున మేనరికములను జన్యుదృష్టితో పరిశీలించినవారిలో అగ్రగణ్యుడు పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు. 1957లో ఇంగ్లండు విడిచి భారతదేశమును తన దేశముగా చేసికొన్న మహాశాస్త్రజ్ఞుడు జె.బి.ఎస్. హాల్డేన్‌కు శిష్యుడై, 1960ల తొలినాళ్లలో మీరాఖాన్‌తో గూడి మన రాష్ట్రమునందలి రక్తసంబంధ వివాహముల సంఖ్యను, వాని ఫలితములను లెక్కగట్టి ప్రకటించెను. నాటికి నేటికి ఈ పెండ్లిండ్లు కొంత తగ్గినవి గాని మాసిపోలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో కూడ ఆంధ్రప్రదేశమున దాదాపు నాలుగింట ఒక పెండ్లి దగ్గరి చుట్టములలోనే జరిగినట్లు తేలినది. మెట్టప్రాంతమున భూమి చెదరకుండుటకు, కట్నము భారము తగ్గుటకు, పిల్ల కంటి యెదుటనే యుండుటకు ఏర్పడిన ఈ ఆచారమును నిందించుట నా అభిమతము కాదు. దాని గణితమును తెలిసికొనుట మాత్రము అవసరము.

ప్రతి మనుష్యుడును కొన్ని లోపజన్యువులను మోయుచునే యుండును. జన్యువులు జంటలుగా నుండుటచే, ఒకటి చెడినను రెండవది పని నడిపించుటచే, మోయువానికి ఏ బాధయు లేదు. ఇట్లు దాగియుండు వ్యాధులలో, భార్యాభర్తలిరువురును ఒకే లోపమును మోయుచున్నప్పుడే, ప్రతి కాన్పునను నాలుగింట ఒక పాలు, బిడ్డకు రెండును చెడినవే సంక్రమించి వ్యాధి బయటపడును. పరాయి వారు పెండ్లాడినప్పుడు ఒకే లోపము ఇరువైపుల నుండుట అరుదు. ఒకే తాతకు మనుమలైనవారు పెండ్లాడినప్పుడు, ఆ తాత మోసిన లోపము రెండు దారులలో దిగివచ్చి బిడ్డయందు కలిసికొనుటకు అవకాశము పెరుగును. మేనబావ మరదళ్ల బిడ్డకు ఒక జన్యుజంటలో రెండును ఒకే పూర్వికుని నుండి వచ్చు అవకాశము పదునారింట ఒకటి. మేనమామ అక్క కూతుళ్ల బిడ్డకు ఎనిమిదింట ఒకటి. సామాన్యముగా నూటికి ఇద్దరు ముగ్గురు బిడ్డలు తీవ్రమైన లోపములతో పుట్టుచుండగా, మేనబావ మరదళ్ల సంతానమున ఆ సంఖ్య మరి రెండు మూడు పెరుగునని శాస్త్రజ్ఞుల అంచనా. అనగా తొంబదికి పైగా బిడ్డలు ఆరోగ్యవంతులే. "మా వంశంలో ఎవరికీ లేదండీ" అను మాటలో ఆశ్చర్యమేమియు లేదు. ఇట్టి వ్యాధులు తరతరాలు కనబడక దాగియుండి, రెండు పాయలు కలిసిన చోటనే పైకి తేలును.

ఇచట మన భాష మనకిచ్చిన ఒక వరమును చెప్పక తప్పదు. ఇంగ్లీషువాడు కజిన్ అను ఒక్క మాటతో సరిపెట్టినచోట, మనకు పెదనాన్న కొడుకు వేరు, పిన్ని కొడుకు వేరు, మేనమామ కొడుకు వేరు, మేనత్త కొడుకు వేరు. ఆత్మకూరు సమీపమున ఏ పల్లెలోనైనను ఒక అవ్వను కూర్చుండబెట్టి, "అవ్వా, ఈ బిడ్డ నాయనకు, అమ్మకు పెండ్లికి ముందు ఏమి వరుస?" అని అడిగినచో, ఆమె నాలుగు తరములను వేళ్లమీద చెప్పును, ఎవరికి ఎందరు పుట్టిరో, ఎందరు పురిటిలోనే పోయిరో, ఏ పిల్లవాడు పదేండ్లకే నడక మానెనో, అన్నియు వరుసగా వచ్చును. జన్యువైద్యుడు చతురస్రములతోను, వృత్తములతోను గీయు వంశవృక్షమునకు ఇంతకంటె శ్రేష్ఠమైన ఆధారము లేదు. ఉదయగిరి ముస్లిం కుటుంబములలో అన్నదమ్ముల బిడ్డలు పెండ్లాడుట కలదు; హిందువులలో అది సోదరవరుస గనుక నిషిద్ధము, మేనవరుస మాత్రము సమ్మతము. ఆచారములు వేరైనను జన్యువుల లెక్క రెండింటను ఒక్కటే. కావున ఫారములో "దగ్గరి సంబంధము: అవును" అని గీత గీసి ఊరకొనుట చాలదు, ఏ వరుసయో వ్రాయవలెను.

పశ్చిమ నెల్లూరులో ప్రశ్న ఎంత జాగ్రత్తగా వేయవలెనో తెలుపుటకు ఎముకల జబ్బులకు మించిన ఉదాహరణము లేదు. షార్ట్, మెక్‌రాబర్ట్ మొదలగు వైద్యులు 1937లో నాటి మద్రాసు రాజధానియందలి నెల్లూరు జిల్లాలో, నీటిలోని ఫ్లోరైడుచే ఎముకలు బిగిసి వెన్ను వంగిపోవు వ్యాధిని వర్ణించిరి. భారతదేశమున ఫ్లోరోసిస్‌ను గురించి వెలువడిన మొదటి వర్ణనలలో అది ముఖ్యమైనది. ఉదయగిరికి ఉత్తరముననున్న కనిగిరి, పొదిలి, దర్శి సీమలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు నెల్లూరులోనివే. ఆ నీటి బెడద ఉదయగిరి మెట్టలకును పరాయిది కాదు. ఇందుచేత ఈ ప్రాంతమున కాళ్లు వంగిన బిడ్డ కంటబడినంతనే "ఇది నీళ్ల జబ్బు" అను తీర్పు అలవోకగా వచ్చుచున్నది. పలుమారులది నిజము. గాని నీటిని నిందించి ఊరకొన్నచోట జన్యువ్యాధి దాగియుండుట కూడ సత్యమే. ఫాస్ఫేటు మూత్రములో కారిపోవుటచే దొడ్డికాళ్లు వచ్చు వంశానుగత రికెట్సు కలదు. వేళ్ల కణుపులు, మోకాళ్లు క్రమముగా బిరుసెక్కుచు, కీళ్లవాతమని భ్రమ పుట్టించుచు, నెత్తుటిలో వాపు గుర్తులు మాత్రము చూపని ప్రొగ్రెసివ్ స్యూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా కలదు. ఈ రెండవ దానిని హైదరాబాదులోని సిడిఎఫ్‌డి అను డిఎన్‌ఎ పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు భారతీయ కుటుంబములలో శోధించి, విస్ప్-3 అను జన్యువులోని లోపములను 2012లో ప్రకటించిరి. కీళ్లవాతమని తలచి ఇట్టి బిడ్డకు ఏండ్లతరబడి స్టెరాయిడ్లు మ్రింగించుట ఎంత దారుణము!

ఇక ప్రశ్న వేయు విధము చూడుడు. ఆ వీథిలోని తక్కిన పిల్లల పండ్లపై గోధుమరంగు చారలున్నవా? ఇంటివారు త్రాగునది ఏ బోరు నీరు, అందు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దును మించి ఫ్లోరైడున్నదా? ఒకే నీరు త్రాగు అన్నదమ్ములలో ఒక్కనికే వచ్చినదా? తలిదండ్రులది ఏ వరుస? రక్తములో ఫాస్ఫేటు ఎంత? ఈ ప్రశ్నలలో ఒక్కటియు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. అన్నియు ఉదయగిరి ఆసుపత్రి బల్లవద్ద అడుగదగినవే. వీనికి సమాధానములు వ్రాసి పంపిన నెత్తురుకును, "కాళ్లు వంకర" అని రెండు మాటలు వ్రాసి పంపిన నెత్తురుకును ప్రయోగశాలలో లభించు గౌరవము ఒకటి కానేరదు. దానికి కారణము యంత్రశాస్త్రములోనే కలదు, తరువాత చెప్పెదను.

వేరొక ఉదాహరణము మన ఊళ్ల అంగళ్ల వీథినుండి. ఆర్యవైశ్యులలో కొందరికి, శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చునప్పుడు కండరములను సడలించుటకై వాడు సక్సినైల్‌కోలిన్ అను మందు నిమిషములలో విరిగిపోక, గంటలకొలది ఊపిరి ఆడనీయదు. ఆ మందును విరిచివేయు బ్యుటిరిల్‌కోలినెస్టరేజు అను ఎంజైము వారి నెత్తుటిలో జన్యులోపమువలన లేకుండుటయే ఇందుకు హేతువు. హైదరాబాదులోని సిసిఎమ్‌బి పరిశోధనసంస్థకు చెందిన తంగరాజు, హార్వర్డుకు చెందిన డేవిడ్ రైక్ ప్రభృతులు 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో ప్రకటించిన పరిశోధనలో, ఈ లోపము తక్కిన సమూహములకంటె వైశ్యులలో నూరు రెట్లు ఎక్కువగా నున్నదని, అది శతాబ్దములుగా తమలో తామే పెండ్లాడుటచే కొద్దిమంది పూర్వికుల జన్యువులు లక్షలమందికి పంచుకొనబడిన ఫలితమని వివరించిరి. తాము పరిశీలించిన దక్షిణాసియా సమూహములలో 81 సమూహముల స్థితి ఇట్టిదేనని కూడ తేల్చిరి. ఇందు ఒక కులమును చిన్నబుచ్చునది ఏమియు లేదు. ప్రతి కులమునకును ఏదో యొక పూర్వికుని కానుక యుండియే తీరును. ఈ ఎంజైము శక్తిని కొలుచుటకు సాధారణ రక్తపరీక్ష చాలును, జన్యుయంత్రమే అక్కరలేదు. మత్తు ఇచ్చు వైద్యుడు ముందుగా ఒక్క ప్రశ్న అడిగినచో ప్రాణము నిలుచును. జన్యుజ్ఞానము కన్నీటి వార్తగానే రావలెనని లేదు. ఇట్లు రక్షణగా కూడ వచ్చును. ఈ మాట మన పల్లెలలో ఇంకను చేరలేదని నాకు బాధ.

పరీక్షల జాతుల విషయము క్లుప్తముగా చెప్పెదను. మనుష్యుని క్రోమోజోములు 46 అని టియో, లెవాన్ 1956లో తేల్చిరి. మరి మూడేండ్లకు డౌన్ సిండ్రోములో 21వ క్రోమోజోము మూడు ప్రతులుగా నున్నదని లజ్యూన్ చూపెను. ఆ లెక్కను చూచు పరీక్షయే క్యారియోటైపు. నేటికిని డౌన్ బిడ్డకు, పదేపదే గర్భస్రావమగు దంపతులకు అదియే మొదటిది. వ్యాధి ఏదో స్పష్టమైనప్పుడు ఆ ఒక్క జన్యువునే చూచుట వివేకము: పిక్కలు లావెక్కి, నేలనుండి లేచునప్పుడు తొడలపై చేతులూని లేచు అయిదారేండ్ల మగపిల్లవానికి డిస్ట్రోఫిన్ జన్యువునందలి 79 ఎక్సానులలో (ఖండములలో) ఏవి లోపించినవో చూచు ఎమ్‌ఎల్‌పిఎ పరీక్ష చేసినచో మూడింట రెండు వంతుల కేసులు తేలిపోవును. ఏ వ్యాధియో పోల్చుకొనలేనప్పుడే, ప్రోటీనులను నిర్దేశించు భాగమునంతటిని చదువు ఎక్సోము పరీక్ష. వైద్యుడు ఎక్సోమునే వ్రాయుట నేడు పరిపాటి యగుచున్నది. దానికి పదుల వేల రూపాయలగును, అయినను అన్నియు అందులో కనబడవు. వెన్నుపాము కండరక్షీణతకు కారణమైన ఎస్‌ఎమ్‌ఎన్-1 జన్యువు తన కవలతో కలిసిపోయి ఎక్సోములో తరచు తప్పిపోవును. అక్షరములు పదేపదే పునరావృతమగుటచే వచ్చు వ్యాధులును అట్లే. ఖరీదైన వల వేసితిమని సంతసించుట కాదు, ఏ చేపకు ఏ కన్నుగల వలయో తెలిసియుండవలెను.

నెత్తురు తీయుట చిన్నపనిగా కనబడును గాని, ఇచట జరిగిన పొరపాటును తరువాత ఏ శాస్త్రజ్ఞుడును దిద్దలేడు. డిఎన్‌ఎ పరీక్షకు ఊదారంగు మూతగల ఇడిటిఎ ట్యూబు. క్యారియోటైపునకు ఆకుపచ్చ మూతగల హెపారిన్ ట్యూబు, ఏలయనగా అచట తెల్లకణములను సజీవముగా మూడు దినములు పెంచి విభజింపజేయవలసియున్నది. ఇడిటిఎలో పోసిన నెత్తురు ఆ పెంపకమునకు పనికిరాదు. ఉదయగిరి వేసవిలో మధ్యాహ్నపు బస్సు పైకప్పున పెట్టిన పెట్టెలో ఆ కణములు బ్రతుకవు. మంచుగడ్డకు తాకించి గడ్డకట్టించినను బ్రతుకవు. ట్యూబుపై పేరు ఒక్కటే చాలదు. ఒకే పల్లెలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు గలవారు నలుగురుందురు గనుక వయస్సో, నమోదు సంఖ్యయో కూడ వ్రాసి, తీసిన తేదీ, వేళ తప్పక వ్రాయవలెను. రోగియెదుటనే ట్యూబుకు చీటి అంటింపవలెను. తీసిన తరువాత బల్లమీద నాలుగు ట్యూబులు పేర్చి అంటించుట మహాపరాధము.

ఇంకొక సంగతి. తలసీమియా అనుమానముగల బిడ్డకు నెత్తురు ఎక్కించిన పిమ్మట పరీక్షించినచో, యంత్రము లెక్కించునది దాత హిమోగ్లోబినును కూడ. మూడు నెలలు ఆగవలెను, లేదా తలిదండ్రుల నెత్తురును పరీక్షింపవలెను. లోపమును మోయు వాహకులలో హిమోగ్లోబిన్ ఎ2 మూడున్నర శాతమును మించును. గాని ఇనుము లోపముగల గర్భిణిలో ఆ అంకె తగ్గి, వాహకురాలు కాదని చూపుటకు వీలుగలదు. రక్తహీనత ఇంటింట నున్న మన మెట్టలలో ఈ ఒక్క హెచ్చరిక ప్రతి ఆరోగ్యకార్యకర్తకును కంఠస్థము కావలెను.

నెత్తురు చేరిన పిమ్మట ప్రయోగశాలలో జరుగునది ఇది. ఎర్రకణములలో కేంద్రకము లేదు గనుక తెల్లకణములను పగులగొట్టి డిఎన్‌ఎను వేరుచేయుదురు. కావలసిన భాగములను పట్టి, కోట్లకొలది ప్రతులుగా పెంచి, యంత్రమున చదివింతురు. చదివిన తునకలను ప్రామాణిక మానవ జన్యుపాఠముతో పోల్చుదురు. ఆ ప్రామాణిక పాఠమును మొదట సిద్ధపరచుటకు 1990 నుండి 2003 వరకు పదమూడేండ్లు పట్టినది. నేడు ఒకని ఎక్సోమును చదువుటకు దినములు చాలును. కష్టము చదువుటలో లేదు. ఏ మనుష్యుని ఎక్సోములోనైనను ప్రామాణిక పాఠముతో పోల్చినప్పుడు ఇరువది వేలకు పైగా తేడాలు కనబడును. అవన్నియు వ్యాధులు కావు, పెక్కు మన ముక్కు చెవుల భేదముల వంటివే. వానిలో ఈ బిడ్డ వ్యాధికి కారణమైన ఒక్కదానిని ఎట్లు ఏరుదురు? ఫారములో వ్రాసిన లక్షణములను గణకయంత్రమునకు ఇచ్చి, వానికి సంబంధించిన జన్యువులను ముందుకు తెప్పించుట ద్వారా. ఇదియే నేను ఇంతకుముందు దాచిన కారణము. "వేళ్ల కణుపుల బిరుసు, నాలుగవ ఏట ఆరంభము, వాపు గుర్తులు లేవు, తలిదండ్రులు మేనమామ అక్క కూతురు" అని ఉదయగిరిలో వ్రాసిన నాలుగు మాటలు, వందల కిలోమీటర్ల అవతలనున్న యంత్రము చేతికి దీపమిచ్చును. ఖాళీగా వచ్చిన ఫారము దానిని చీకటిలో తడుముకొనునట్లు చేయును.

రిపోర్టు వచ్చుటకు ఎక్సోము విషయమున వారములు పట్టును. అందు తేడాలను అయిదు తరగతులుగా విభజించు పద్ధతి 2015 నుండి లోకమంతట ఆచరణలో నున్నది: వ్యాధికారకము, బహుశా వ్యాధికారకము, అర్థము తేలనిది, బహుశా నిరపాయము, నిరపాయము. ఈ నడిమిదానితోనే చిక్కు. "అర్థము తేలనిది" అన్నచో శాస్త్రమునకు ఇంకను తెలియదని భావము. దానిని వ్యాధిగా భావించి పెండ్లి చెడగొట్టుటయు, గర్భము తీయించుటయు ఘోరమైన తప్పు. లోకమందలి జన్యుభాండారములు చిరకాలము ఐరోపావారి నమూనాలతోనే నిండియుండుటచే, మనవారి రిపోర్టులలో ఈ తేలని మాట ఎక్కువగా వచ్చుచున్నది. ఆ కొరతను తీర్చుటకే 2020లో ఆరంభమైన జినోమ్ ఇండియా, సుమారు పదివేలమంది భారతీయుల జన్యుపాఠములను చదివి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులో నుంచినది. నేడు తేలనిది రెండేండ్లకు తేలవచ్చును. కావున ఆ కాగితమును మరల చూపి అడుగు హక్కు రోగికి కలదు, దానిని వానికి చెప్పవలెను. ఏమియు కనబడలేదను రిపోర్టు కూడ, వ్యాధి జన్యుపరమైనది కాదని చెప్పుట లేదు. ఈ వలకు పడలేదని మాత్రమే చెప్పుచున్నది.

ఫలితమును చెప్పు వేళ ఇంటిలో ఏమి జరుగునో తలచుకొన్నప్పుడు నా మనస్సు కలతచెందును. డిస్ట్రోఫిన్ లోపము తల్లినుండి మగబిడ్డకు వచ్చునని విన్నంతనే "అంతా నీ పుట్టింటినుంచే వచ్చింది" అని అత్త కోడలిని నిలువునా కోయును. ఆ కోడలు లోపమును ఎంచుకొనలేదు. మూడింట ఒక వంతు కేసులలో అది ఆమెయందు లేనే లేదు, బిడ్డయందే క్రొత్తగా పుట్టినది. ఈ సంగతి చెప్పుటకు, ఆమె చెల్లెండ్రను పిలిచి పరీక్ష చేయించుకొండని నచ్చజెప్పుటకు, ఇంటి గుట్టు బయటపడకుండ మాట్లాడుటకు శిక్షణ పొందిన మనిషి కావలెను. తలిదండ్రుల నెత్తురు కూడ చదివినప్పుడు ఒక్కొక్కసారి అడుగని రహస్యములు కనబడును. వానిని గూర్చి నెత్తురు తీయకముందే సమ్మతి తీసికొనుట ధర్మము.

కడుపులోని బిడ్డ విషయమున చట్టము కఠినముగా నున్నది, ఉండవలెను. 1994 నాటి గర్భస్థపిండ పరీక్షల చట్టము 1996 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చి, నమోదైన కేంద్రములలోనే, చట్టమున పేర్కొన్న కారణములకే, గర్భిణి వ్రాతపూర్వకమగు సమ్మతితోనే పరీక్ష జరుగవలెనని, బిడ్డ ఆడయో మగయో ఎవ్వరికిని చెప్పరాదని శాసించినది. పదకొండవ వారము మొదలు మావినుండి తునక తీయుటయు, పదునారవ వారము ప్రాంతమున ఉమ్మనీరు తీయుటయు వాడుక. 2021 సవరణచే కొన్ని తరగతుల స్త్రీలకు ఇరువదినాలుగు వారములవరకు గర్భస్రావమునకు అనుమతి కలదు. తీవ్రమైన పిండలోపమున్నచో వైద్యమండలి అనుమతితో ఆపైన కూడ. ఐనను మొదటి బిడ్డకు జన్యులోపమేదో తేలనిదే రెండవ కాన్పులో వెదకుటకు ఏమియు లేదు. ఐదవ నెలలో పరుగెత్తివచ్చి "ఈ బిడ్డకు కూడా చూడండి సార్" అని ప్రార్థించు తల్లికి చేయగలిగినది ఏమియు లేకపోవుట ఈ ఆలస్యమువలననే.

సంస్థలు మనకు లేవనరాదు. హైదరాబాదున సిడిఎఫ్‌డి, నిమ్స్ ఆసుపత్రి జన్యువైద్యశాఖ, బేగంపేటలోని జన్యువ్యాధుల ఆసుపత్రి కలవు. 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానమున నిమ్స్ విశిష్టకేంద్రముగా గుర్తింపబడి, తరువాతి సవరణచే అర్హులైన రోగులకు ఏబది లక్షల రూపాయలవరకు సాయము పొందు వీలు ఏర్పడినది. నెల్లూరువారికి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల చిరపరిచితము. మన దేశమున తలసీమియాకు తొలినాటి మూలుగ మార్పిడులు 1980లలో అచటనే జరిగినవి. పల్లెలలో 2013 నుండి బాలల ఆరోగ్య కార్యక్రమ బృందములు బడులకు, అంగన్‌వాడీలకు తిరుగుచు, పుట్టుకలోపములు గల బిడ్డలను గుర్తించి జిల్లాకు పంపుచున్నవి. లోపించినది నడుమనున్న మెట్టు. ఆశా కార్యకర్త బిడ్డను గుర్తించును, హైదరాబాదులో యంత్రమున్నది, ఈ రెంటి నడుమ కూర్చుండి, వంశవృక్షము గీసి, ఫారము నింపి, సమ్మతి అడిగి, నెల తరువాత రిపోర్టును తెలుగులో చదివి వినిపించు మనిషి ఆత్మకూరులో లేడు. ఆత్మకూరు ఆసుపత్రిలో నెలకొక దినము ఇందుకు కేటాయించి, నిమ్స్ వంటి సంస్థలోని జన్యువైద్యుని తెరమీద కూర్చుండబెట్టి, ఇచటి నర్సు ఒకతెకు వంశవృక్ష రచనలో శిక్షణ ఇచ్చినచో, ఉదయగిరి తల్లికి మూడు ప్రయాణములు తప్పును. ఇందుకు కోట్ల రూపాయలు అక్కరలేదు. ఒక గది, ఒక తెర, చదువుకొన్న ఒక ఓర్పుగల మనిషి చాలును.

అంతవరకు ఇంటివారు చేయదగిన పని ఒకటి కలదు. పట్టాదారు పాసుపుస్తకమును, బియ్యపు కార్డును భద్రపరచు పెట్టెలోనే ఆ రిపోర్టును కూడ పెట్టవలెను. బిడ్డ పోయినను దానిని పారవేయరాదు. ఆ బిడ్డ అక్కకు ఈడు వచ్చి, మేనమామ ఇంటనుండి తాంబూలముల మాట వచ్చిన దినమున, ఆ పెట్టె తీసి కాగితమును బయటపెట్టవలెను. తలిదండ్రులిరువురును మోసిన లోపమైనచో, ఆరోగ్యముగానున్న ఆమె దానిని మోయుచుండుటకు మూడింట రెండు పాళ్లు అవకాశము. ఆ మామ మోయుచున్నాడో లేదో ఒక్క జన్యువును, ఒక్క అక్షరమును చూచిన తెలియును, దానికి ఎక్సోము ఖర్చులో స్వల్పభాగమే. ముహూర్తము పెట్టించుటకు ముందు రెండు ట్యూబుల నెత్తురును, ఆ పాత కాగితపు నకలును పంపినచో, జవాబు వచ్చినవరకు పెద్దలు ఆగగలరు.